పిల్లి సీసా

“కాళ్ళు కడుక్కోకు. ముందు అది చూడు,” అంది అప్పయమ్మ గుమ్మంలో నిలబడి.

కుముదిని చేతిలో సంచీ ఇంకా దించలేదు. రాత్రంతా జబల్పూరు నుంచి బండిలో కూర్చుని వచ్చి, దుర్గు స్టేషన్లో రిక్షా ఎక్కి, చలికి వణుకుతూ భిలాయి ఉక్కు ప్లాంటు క్వార్టరు చేరింది. అత్తగారు ఎదురొచ్చి కాఫీ ఇస్తుందని ఆశపడేంత అమాయకురాలు కాదు గానీ, కాళ్ళకి నీళ్ళు కూడా వద్దంటుందని మాత్రం అనుకోలేదు.

వాకిట్లో వెదురుగంప ఒకటి బోర్లించి ఉంది. పక్కన పీట మీద మామగారు గురునాథరావు కూర్చున్నాడు. రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్. డ్యూటీ బట్టలు వేసుకున్నాడు, బూట్లు తొడుక్కున్నాడు, డ్యూటీకి మాత్రం వెళ్ళలేదు. కోడలి వైపు ఒకసారి చూసి తల తిప్పేసుకున్నాడు.

కుముదిని గంప ఎత్తింది.

సేఠ్ కాళ్ళు చాపుకుని పడి ఉన్నాడు. సుపేలా బజార్లో నేతికొట్టు సేఠ్‌కి ఉన్నట్టే పొట్టా మీసాలూ ఉన్నాయని గురునాథరావు పెట్టుకున్న పేరది. “సేఠ్ పాలు తాగాడా”, “సేఠ్ ఎక్కడ పడుకున్నాడు” అని అనుకోవడమే తప్ప, వాడు పిల్లి అన్న సంగతి ఇంట్లో అందరూ ఎప్పుడో మరిచిపోయారు. మెడ మీద కొత్తగా మొలిచిన బొచ్చు నల్లగా, ఒత్తుగా ఉంది. వానాకాలంలో అదే చోట గోక్కుని గోక్కుని నెత్తురు కారే పుండు ఉండేది. కుముదిని వంగి ఆ బొచ్చు నిమిరింది.

“ఎప్పుడు?”

“నిన్న సాయంత్రం,” అంది అప్పయమ్మ. “నీ మందు ఎక్కిందో లేదో, మూతి గోక్కున్నాది. చొంగ కార్చుకున్నాది. ఎగపీల్చి ఎగపీల్చి నా కళ్ళముందే పోనాది. పిల్లిని చంపిన పాపం ఊరికే పోద్దేటి? కాశీలో బంగారు పిల్లిని దానమిస్తే గాని వదల్దు.”

సేఠ్ బతికుండగా అప్పయమ్మకి వాడి మీద ప్రేమేమీ లేదు. పాలగిన్నె చుట్టుపక్కల కనిపిస్తే చీపురు విసిరేది. చచ్చాక మాత్రం వాడు బంగారమైపోయాడు.

“మణి నువ్వు చెప్పినట్టే చేసింది. సిరెంజి మీద చెప్పినన్ని గీతలే ఎక్కించింది,” అన్నాడు రాజగోపాల్ లోపల్నుంచి, చెల్లెల్ని వెనకేసుకొస్తూ. కుముదిని భర్త. ప్లాంటులో అసిస్టెంట్ ఇంజనీరు. అద్దం ముందు తల దువ్వుకుంటూ, భార్య మొహం చూడకుండానే మాట్లాడుతున్నాడు. “నేను మొదటే చెప్పాను. ఇంట్లో ల్యాబొరేటరీలు పెట్టొద్దని చెప్పాను.”

“మీరు వద్దన్నారు. మావయ్యగారు పెట్టమన్నారు.”

ఆ మాటకి గురునాథరావు తల ఎత్తలేదు.

ఈ ఇంట్లో కుముదిని చదువు ఆయన మాట మీదే నడుస్తోంది. పశువుల డాక్టరు పట్టా ఉన్న కోడలు మళ్ళీ జబల్పూరు వెళ్ళి పెద్ద చదువు చదువుతానంటే, అప్పయమ్మ అలిగి అన్నం మానేసింది, రాజగోపాల్ మాట్లాడటం మానేశాడు. గురునాథరావొక్కడే సేఠ్‌ని ఒళ్ళో పెట్టుకుని, “దీని దురద తగ్గించే చదువైతే చదవనీండి,” అన్నాడు. ఆ రోజు నుంచీ ఇంట్లో ఎవరూ ఎదురుచెప్పలేదు. ఆ మాట ఆయన వెనక్కి తీసుకుంటే ఈ పూటే అన్నీ ముగిసిపోతాయి.

చదువంటే అదే. మనుషుల్లో కొందరికి వంకాయ పడనట్టు, కుక్కల్లోనూ పిల్లుల్లోనూ కొన్నిటికి దుమ్ము పడదు, పుప్పొడి పడదు. ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, బొచ్చు రాలిపోతుంది. భిలాయి సెక్టార్ల మధ్య ఖాళీ జాగాల్లో మొలిచిన గాజర్ ఘాస్, మన వైపు వయ్యారిభామ అంటారే, ఆ కలుపు పువ్వుల పొడి సేఠ్‌కీ పడలేదు, ఎదురింటి ఆఫీసరుగారి కుక్క టైగర్‌కీ పడలేదు. ఏది పడదో చర్మం మీద పరీక్షించి తెలుసుకుని, దాన్నే బాగా పలచన చేసి, కొంచెం కొంచెంగా పెంచుతూ సూదితో ఎక్కిస్తే ఒళ్ళు దానికి అలవాటుపడుతుంది. విదేశాల్లో చేస్తున్నారు. ఇక్కడ కుముదిని మొదలుపెట్టింది. ఆమె గాజర్ ఘాస్ పువ్వులు కోసుకుంటూ తిరిగితే వీధి వీధంతా నవ్వుకుంది.

“పడనిదాన్ని కొంచెం కొంచెం ఎక్కిస్తే పడిపోద్దన్నావు కదా,” అంది అప్పయమ్మ. “ఈ ఊరు నాకు పడలేదు. పాతికేళ్ళనించీ రోజూ ఎక్కిస్తానే ఉన్నారు. పడిందేటి?”

కుముదిని సంచీ దించింది. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కోకుండానే తిన్నగా వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసింది.

“మైలకాళ్ళతో వంటింట్లోకే?” అంది అత్తగారు వెనకనుంచి.

పెరుగుగిన్నె పక్కన అట్టపెట్టె ఉంది. అందులో రెండు సీసాలు. తెల్లమూతది సేఠ్‌కి, ఇంకా పలచని మందు. పసుపుమూతది టైగర్‌కి, నెలల తరబడి పెంచుకుంటూ వచ్చిన చిక్కటి మందు. తెల్లమూత సీసా ఆమె వదిలి వెళ్ళినట్టే మెడదాకా ఉంది. పసుపుమూత సీసాలో మందు తగ్గింది.

ఫ్రిజ్ తలుపు అరలో అడ్రినలిన్ ఆంప్యూల్ చెక్కుచెదరకుండా కూర్చునుంది. సూది వికటిస్తే ప్రాణం నిలబెట్టే మందు. అది అక్కడ ఉందని ఆమె ఎవరికీ చెప్పలేదు.

కుముదిని ఫ్రిజ్ మూసి పెరట్లోకి నడిచింది.

* * *

పెరట్లో కుళాయి దగ్గర ఆడపడుచు మణిమాల తోమిన గ్లాసే మళ్ళీ తోముతోంది. భిలాయిలో పుట్టి, భిలాయిలో పెరిగిన పిల్ల. బీయస్సీ పాసయింది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కోపమొచ్చినా ఏడుపొచ్చినా హిందీయే. ప్లాంటు ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకి పేరు వెళ్ళింది. అందుకే వదిన టైగర్‌కి సూదివేసే ప్రతిసారీ పక్కన నిలబడి నేర్చుకునేది గానీ, చూపంతా సూది మీదే, సీసా మూత మీద కాదు. సిరెంజిలోంచి బుడగ తీయడం వచ్చిన రోజు వీధంతా చెప్పుకుంది.

“మణీ, నిన్న ఫోన్లో నేనేం చెప్పాను?”

“దో గీతలు అన్నావు.”

“ఏ సీసాలోంచి?”

“పీలీ సీసా.”

“నేను పీలీ అనలేదమ్మా.”

“అన్నావు వదినా. సచ్ మే. రెండుసార్లు అన్నావు. లైన్లో గరగరా చప్పుడు, మగర్ పీలీ సాఫ్ వినిపించింది.”

“పసుపు అనాలంటే పసుపంటాను గానీ పీలీ అని ఎందుకంటాను?”

మణిమాల గ్లాసు కింద పెట్టింది. “నాకు సరిగ్గా అర్థమవ్వాలని హిందీలో చెప్పావనుకున్నాను.”

కుముదిని కుళాయి గట్టు మీద కూర్చుండిపోయింది. నిన్న రావలసిన మనిషిని పరిశోధన చేయించే గైడు ఒకరోజు ఆపేశారు. సూదిరోజు తప్పకూడదని, జబల్పూరు తపాలాఫీసు బల్ల దగ్గర నిలబడి ఎదురింటికి ట్రంక్‌కాల్ చేసి, గొంతు చించుకుని అరిచింది. పిల్లి సీసా, పిల్లి సీసా అని అరిచింది. సేఠ్ సీసా అని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. ట్రంక్‌కాల్ కదా, డాక్టరు కదా, తీరుగా మాట్లాడాలనుకుంది. ఒకరోజు ఆలస్యమైతే కొంప మునిగేది కాదన్న సంగతి ఆమెకి బాగా తెలుసు.

“పిల్లి అన్నాను మణీ.”

“బిల్లీ?”

“పిల్లి. సేఠ్.”

మణిమాల పెదాలు కదిలాయి. ఆ రెండు మాటలూ పైకి వినపడకుండా పక్కపక్కన అనుకుని చూసుకుంది. మొహం పాలిపోయింది.

“సీసా మీద సి అని కూడా ఉంది భాభీ. సి అంటే క్యాట్ కదా అనుకున్నాను.”

“సి అంటే కెనైన్. కుక్కది. పిల్లిది ఎఫ్.”

“నాకెవరు చెప్పారు అది?” అని మణిమాల ఏడుపు మొదలుపెట్టింది. “నేను చంపేశాను. నేనే మార్ దియా సేఠ్‌ని.”

ఆ ఏడుపు చూస్తే కుముదినికి జాలేసింది, ఒళ్ళూ మండింది. జాలి ఆ పిల్ల మీద, మంట తన మీద. శిక్షణ లేని చేతికి సూది ఇవ్వకూడదని గైడు పదిసార్లు చెప్పారు.

అంతలో ఇంకో మాట తోచింది. సేఠ్ ఒక్కరి చేతుల్లోనే కదలకుండా ఉంటాడు.

“పట్టుకున్నదెవరు?”

“నాన్న,” అంది మణిమాల వెక్కుతూ. “ఏ సీసా అని అడిగారు. పీలీ అన్నాను. ఫ్రిజ్‌లోంచి నాన్నే తీసి ఇచ్చారు.”

* * *

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం అన్నట్టుంది ఇంటి సంగతి. ఏ సీసా వాడారో మామగారికి తెలుసు. కోడలి మందే చంపిందని అత్తగారు వీధి వినేలా తిడుతుంటే, ఆయన నిన్నటినుంచీ నోరు విప్పలేదు.

నడవలో రాజగోపాల్ ఎదురుపడ్డాడు. చేతిలో హెల్మెట్ పట్టుకుని డ్యూటీకి బయల్దేరుతున్నాడు.

“మణి చెప్పిందా?” అన్నాడు గొంతు తగ్గించి.

“అంటే మీకూ తెలుసన్నమాట.”

“నాన్న నా ఒక్కడితోనే అన్నారు. అమ్మకి తెలీదు. తెలియకూడదు. చూడు కుముదినీ, పిల్లి ఎలాగూ పోయింది. నీ మందు సరిపడలేదంటే ఎవరికీ నష్టం లేదు.”

“నాకు లేదా?”

“నీకేముంది? ఒక పిల్లి, ఒక కుక్క. ఇంకో విషయం మీద రాసుకో. లేదా మానెయ్. జబల్పూరుకీ భిలాయికీ తిరగలేక నువ్వూ అలిసిపోయావు.”

“నేనెక్కడా అలిసిపోయానని అనలేదు.”

“మణికి ఇదొక్కటే ఛాన్సు. తప్పు ఇంజెక్షనిచ్చి ప్రాణం తీసిన పిల్లని నర్సుగా ఎవడు తీసుకుంటాడు? ఆ లిస్టు ఎదురింటి రామమోహనరావుగారి చేతిలో ఉంది. పర్సనెల్ ఆఫీసరాయన. ఆయనకే కుక్క ఉంది. అర్థమవుతోందా?”

“అర్థమవుతోంది,” అంది కుముదిని. “మీకు సంతోషంగా ఉందని అర్థమవుతోంది. సేఠ్ చచ్చిపోయి మీ పని సులువు చేశాడు.”

రాజగోపాల్ హెల్మెట్ నెత్తిన పెట్టుకుని బకిల్ బిగించుకున్నాడు. స్కూటరు తీసుకుని వెళ్ళిపోయాడు.

* * *

గురునాథరావు పెరటి కంచె పక్కన గొయ్యి తవ్వుతున్నాడు. బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నాడు. వానలు లేక నేల బిగుసుకుపోయి పార దిగడం లేదు. కుముదిని వచ్చి నిలబడితే ఆగాడు.

“మణి చెప్పీసిందా?”

“చెప్పింది మావయ్యా.”

“సీసా నేనే తీసిచ్చేను. దాని తప్పు సగమే. మిల్లులో పొద్దస్తమానం హిందీయే కదా. పీలీ అన్నాది, పసుపు మూత కనిపించింది, ఇచ్చీసేను. సేఠ్ కళ్ళు తేలేసేక తట్టింది, నువ్వన్నది పిల్లి అయ్యుంటాదనీసి.” ఆయన మట్టి అంటిన అరచేతులు చూసుకున్నాడు. “నా చేతుల్లోనే పోనాడమ్మా. నన్నే చూస్తా పోనాడు.”

కుముదిని కళ్ళు తుడుచుకుంది. ఇద్దరూ సేఠ్‌ని ఎంత ప్రేమించారో ఇద్దరికే తెలుసు. కాసేపు ఏ గొడవా లేనట్టే ఉంది.

“మందులో తప్పేటీ లేదని నాకు తెలుసు,” అన్నాడు గురునాథరావు. “రోజూ ఆడి మెడ మీద చెయ్యేసి చూసుకునీవోణ్ణి. బొచ్చొచ్చింది. రాత్రుళ్ళు గోక్కోడం మానీసేడు. తెలీదేటి నాకు?”

“అత్తయ్యకి ఆ మాట చెప్పండి మావయ్యా. అది చాలు నాకు.”

ఆయన పార నేలకి గుచ్చి, దాని మీద చేతులు ఆనించాడు.

“నువ్వే చెప్పాలమ్మా. మందు చెడ్డదని చెప్పాల. నువ్వు డాక్టరువి. నువ్వంటే ఇంకెవులూ ఏటీ అడగరు. మణి పేరు బయటికి రాదు.”

కుముదినికి ముందు ఆ మాట చెవికెక్కలేదు. ఎక్కాక, ఆయన ముఖంలోకి చూసింది. కోపంతో అన్న మాట కాదు. ఎంతో నెమ్మదిగా, పండగకి చీర ఏ రంగు కావాలని అడిగినప్పటి గొంతుతోనే అడుగుతున్నాడు.

“మంచిదని తెలిసీ నన్ను చెడ్డదనమంటున్నారా?”

“నీకు ఒక పట్టా ఉంది. రేపు ఎక్కడికెళ్ళినా ఉద్యోగమిస్తారు. మణికేటుంది చెప్పు.”

“అలా చెప్తే నా పని ఈ రోజుతో పోతుంది. ఒకసారి చెడ్డదని నా నోటితో అన్నాక ఏ కుక్కనీ ఏ పిల్లినీ నా దగ్గరికి ఎవరూ తీసుకురారు. గైడుకి నేనేం చెప్పను? నిన్నటిదాకా నయమైంది, ఇవాళ విషమైపోయిందనా?”

“మీ ఆయన్ని నేను ఒప్పించేను. మీ అత్తని ఒప్పించేను. నీకోసం ఈ ఇంట్లో అందరితోటీ పడ్డాను,” అన్నాడు గురునాథరావు. “నాకోసం ఒక్క మాటనలేవేటి?”

అత్తగారి శాపాలు ఆమెకి అలవాటే. పిల్లి శాపాలకి ఉట్లు తెగవని నవ్వుకునేది. భర్త సాధింపూ అలవాటే. ఈయన ఏనాడూ చేసిన మేలు ఎత్తి చూపలేదు. ఈ రోజు చూపాడు.

“సేఠ్ కోసం ఏడుస్తాను మావయ్యా. మణి కోసం మీరేం చేయమన్నా చేస్తాను. ఈ అబద్ధం మాత్రం ఆడలేను.”

గురునాథరావు తల పంకించాడు. మళ్ళీ పార తీసుకుని తవ్వడం మొదలుపెట్టాడు. ఇంక ఆమె అక్కడ లేనట్టే తవ్వాడు.

* * *

గేటు చప్పుడుకి కుముదిని వాకిట్లోకి వచ్చింది. గొలుసు లాక్కుంటూ టైగర్ ముందు వచ్చింది, వెనక మఫ్లరు చుట్టుకున్న రామమోహనరావు వచ్చాడు. వానాకాలంలో ఒళ్ళంతా ఎర్రగా పొక్కిపోయి, ముట్టుకుంటే మూలిగిన కుక్క, ఇప్పుడు తోకతో గేటుని కొడుతోంది. కుముదినిని చూసి కాళ్ళ మధ్య దూరింది.

గురునాథరావు పార వదిలి, చేతులు దులుపుకుని ముందు వాకిట్లోకి వచ్చాడు. గుమ్మంలో అప్పయమ్మ, ఆమె వెనక మణిమాల నిలబడ్డారు.

“నమస్కారం డాక్టరుగారూ. ఇవాళ మావాడి సూదిరోజు,” అన్నాడు రామమోహనరావు. మర్యాదస్తుడు, నసుగుతున్నాడు. “వచ్చేశాను గానీ, పాలవాడు ఒక మాటన్నాడు. మీ సేఠ్ ఈ మందువల్లే పోయాడట. నిజమేనాండీ? మా ఇంట్లో ఆడవాళ్ళు భయపడుతున్నారు.”

అప్పయమ్మ నోరు తెరవబోయింది. గురునాథరావు చెయ్యెత్తి ఆపి, కోడలి వైపు చూశాడు. చెప్పమన్నట్టు చూశాడు.

“మందులో దోషం లేదండి,” అంది కుముదిని. “టైగర్‌కి భయం లేదు.”

“మరి పిల్లి ఎలా పోయిందండీ?”

కుముదిని మాట వెతుక్కుంటోంది. మణి పేరు రాకుండా నిజం ఎక్కడిదాకా చెప్పవచ్చో కొలుచుకుంటోంది. ఆమె కొలత తేలేలోగా మామగారి గొంతు వినిపించింది.

“సీసా మారిపోనాదండి. మందు మంచిదే. మా కోడలే చూసుకోలేదు. చదువుంది గాని చెయ్యి తొందర.”

ఎంత నిబ్బరంగా అన్నాడో. మందుకి మచ్చ రాకుండా కాపాడాడు, కూతురికి మచ్చ రాకుండా కాపాడాడు. ఇంట్లో మిగిలింది కోడలొక్కతే కదా. అప్పయమ్మ తృప్తిగా తల ఊపింది. మణిమాల తండ్రి వైపు చూసి, కళ్ళు దించుకుంది.

చెయ్యి తొందరని పేరుపడ్డ డాక్టరు దగ్గరికి ఎవరు వస్తారు? మందు మంచిదైతే మాత్రం ఏం లాభం?

రామమోహనరావు కనుబొమలు ముడిచాడు. ఇందులో మనిషిని పట్టివ్వాలన్న ఆలోచన ఆయనకి లేదు. లెక్క కలవక అడిగాడు, అంతే.

“అదేమిటండీ గురునాథరావుగారూ? పిల్లి పోయింది నిన్న సాయంత్రం అన్నాడే పాలవాడు. నిన్న పొద్దున డాక్టరుగారు జబల్పూరు నుంచి మా ఇంటికే ఫోన్ చేశారు కదా. మణిమాల పరుగెత్తుకొచ్చి మాట్లాడింది.”

టైగర్ ఒళ్ళు దులుపుకుంటే గొలుసు గలగలమంది.

“మీరెప్పుడు వచ్చారు డాక్టరుగారూ?” అన్నాడాయన.

ఒక చిన్న అబద్ధం చాలు. నిన్న పగటి బండెక్కి సాయంత్రానికే వచ్చేశానంటే ఆయన నమ్మేస్తాడు, మణిమాల బతికిపోతుంది, మామగారు మళ్ళీ కోడలితో మాట్లాడతాడు. ఆ పిల్ల గుమ్మం పట్టుకుని, కళ్ళతోనే బతిమాలుతోంది.

కుముదిని ఆ పిల్లవైపు చూడలేదు. మామగారినే చూసింది.

“ఇప్పుడే దిగానండి,” అంది. “ఇంకా కాళ్ళు కూడా కడుక్కోలేదు.”

గురునాథరావు అక్కడే పీట మీద కూలబడ్డాడు. లెక్క కలిసి, రామమోహనరావు చూపు మెల్లగా గుమ్మం వైపు తిరిగింది. అప్పటికే మణిమాల అక్కడ లేదు.

లోపల గది తలుపు గడియ పడింది. “మణీ, తలుపెందుకేసేవే? తియ్యి,” అంటోంది అప్పయమ్మ.